గడియారము దాటిన చాకిరి

(కోస్గిలో కూడిన కార్మికుల సభయందు చేసిన యుపన్యాసము)



నేడు మీ యెదుట నేను మాటలాడదలచిన విషయము చూపునకు చిన్నది. అది యొక గంట కాలమును గూర్చినది. పని ముగియవలసిన వేళకును, పని నిజముగా ముగిసిన వేళకును నడుమ నున్న యా గంట యెవ్వరిది? దాని వెల యెంత? ఆ వెల యెవ్వరి చేతికి పోవుచున్నది? ఈ మూడు ప్రశ్నలకే నా యుపన్యాసము పరిమితము.

ఈ ప్రశ్నల నీ యూరిలో నడుగుటకు కారణము కలదు. కోస్గి పనివారి యూరు. ఇచ్చట మగ్గములపై చీరలు నేసిన చేతులు తరతరములుగా నున్నవి. ఈ చుట్టుపట్టు పల్లెలనుండి వాన కురియని యేట, కురిసినను పంట నిలువని యేట, జనులు మూట కట్టుకొని బొంబాయికిని, పూనాకును, హైదరాబాదునకును పోవుట మనకు క్రొత్త గాదు. బొంబాయిలోని కామాటిపుర మను పేటకు ఆ పేరు వచ్చినది నిజాము రాజ్యమునుండి పోయి యచ్చట కూలిచేసిన కామాటీలవలననే. పాలమూరు లేబరను పేరు దేశమంతట ప్రసిద్ధము. ఆనకట్టయైనను, కాలువయైనను, అంతస్తుల మేడయైనను, దాని మన్ను మోసినవారిలో మనవా రుండకపోవుట యరుదు. ఆ పేరులో గౌరవము కలదు. ఒక యపాయమును కలదు. వేళ చూడక పనిచేయువారని కంట్రాక్టరులు మనవారిని మెచ్చుకొందురు. ఆ మెప్పులో మన కూలి యెంత కరగిపోవుచున్నదో లెక్క చూచుకొనువారు తక్కువ.

వెల లేని పని యనగా నేమో తెలంగాణమునకు ఎవ్వరును నేర్పనక్కరలేదు. ఆ పనికి మన పెద్దలు పెట్టిన పేరు వెట్టి. అధికారి యూరికి వచ్చినచో అతని సామాను మోయుట వెట్టి. దొరగారి యింట పెండ్లియైనచో కుమ్మరి కుండలు, సాలెవాడు బట్టలు, మాదిగ చెప్పులు వెల లేక యిచ్చుట వెట్టి. తన పొలము ఎండుచుండగా దొర పొలమునకు ముందు నీరు కట్టుట వెట్టి. అది చట్టముచేత వచ్చినది కాదు. మామూలు అను నొక్క మాటచేత నిలిచినది. ఎవడు పుట్టించెనో తెలియదు, ఎప్పటినుండి యున్నదో తెలియదు, గనుక ఇయ్యవలసినదే యనుట దాని తర్కము.

ఆ తర్కము నెదిరించుటతోనే ఈ ప్రాంతమున ప్రజాజీవనము మేల్కొనినది. 1921లో హైదరాబాదునందు పుట్టిన ఆంధ్రజనసంఘము చేపట్టిన పనులలో వెట్టిని గూర్చిన ప్రచార మొకటి. మాడపాటి హనుమంతరావుగారు మొదలగువారు వెట్టి యేది, చట్ట మేది యని జనులకు తెలియజెప్పిరి. 1930లో జోగిపేటలో సురవరము ప్రతాపరెడ్డిగారి యధ్యక్షతను, 1931లో దేవరకొండలో బూర్గుల రామకృష్ణారావుగారి యధ్యక్షతను ఆంధ్రమహాసభ సమావేశములు జరిగినవి. ఈ యిరువురును పాలమూరు సీమవారే. 1946 మొదలు 1951 వఱకు నడచిన తెలంగాణ రైతుపోరాటమునకు మూలకారణములలో వెట్టి యొకటి. అనగా మన తాతలు ఇయ్యని కూలికొరకు చెఱసాలలకు పోయిరి, ప్రాణము లిచ్చిరి.

వారి త్యాగము వ్యర్థము కాలేదు. 1950లో అమలునకు వచ్చిన భారత రాజ్యాంగము తన 23వ అధికరణమున మనుష్యవిక్రయమును, బేగారును, బలవంతపు చాకిరిని నిషేధించినది. రాజ్యాంగమున వాడబడిన ఆ బేగారు అను మాట మనవారి వెట్టియే. 1982లో ఢిల్లీ ఆసియా క్రీడల నిర్మాణపు పనివారి వ్యాజ్యమునందు సుప్రీముకోర్టు మఱియొక యడుగు ముందుకు వేసినది. కనీసవేతనమునకు తక్కువ యిచ్చి చేయించుకొనిన పని గూడ బలవంతపు చాకిరియే యని జస్టిసు భగవతిగారు తీర్పు చెప్పిరి. ఎవ్వడును కొరడా పట్టుకొని నిలువకున్నను, ఆకలియే కొరడా యైనప్పుడు ఆ పని స్వేచ్ఛగా చేసినది కాదనుట ఆ తీర్పులోని సారము. మీరు దీనిని జ్ఞాపకముంచుకొనవలెనని నా ప్రార్థన. నేను చెప్పబోవున దెల్ల దీనిమీదనే నిలుచును.

ఇక పనిగంటల చరిత్ర చూతము. మన దేశములో మొదటి ఫ్యాక్టరీ చట్టము 1881లో వచ్చినది. అది పిల్లలకు దినమునకు 9 గంటలని హద్దు పెట్టినది గాని, పెద్దలను విడిచిపెట్టినది. 1911లో బట్టలమిల్లులలోని పురుషులకు 12 గంటల హద్దు వచ్చినది. 1919లో వాషింగ్టనునందు అంతర్జాతీయ కార్మికసంస్థ మొదటి సమావేశము జరిగి, పరిశ్రమలలో దినమునకు 8, వారమునకు 48 గంటలని నిర్ణయించినది. కాని ఆ యొడంబడికలోనే బ్రిటిషు ఇండియాకు వారమునకు 60 గంటలని వేఱు హద్దు పెట్టిరి. పరాధీనుని దేహము ఎక్కువ యోర్చుననుకొనిరి కాబోలు! 1922 చట్టము ఆ 60 గంటలనే స్థిరపఱచినది. 1934లో ఏడాది పొడుగున నడచు ఫ్యాక్టరీలకు అది 54 అయినది. 1946లో, వైస్రాయి కౌన్సిలునందు కార్మికశాఖను వహించిన డాక్టరు అంబేడ్కరుగారి కాలమున, అది 48 అయినది. స్వతంత్రభారతము చేసిన 1948 ఫ్యాక్టరీ చట్టము దానినే నిలిపినది. అరువదినుండి నలువది యెనిమిదికి వచ్చుటకు ఇరువది నాలుగేండ్లు పట్టినది. బ్రిటిషు ఇండియాలో వచ్చిన యీ మార్పులు మన నిజాము రాజ్యమునకు నేరుగా వర్తించినవి కావనియు గమనింపుడు. మనము రెండంతస్తుల పరాధీనతనుండి బయటపడితిమి.

ఆ 48 గంటల హద్దు దాటినచో నేమి? 1948 చట్టము 59వ సెక్షను దానికి సమాధానము చెప్పినది: మామూలు రేటునకు రెట్టింపు. ఈ రెట్టింపును చాలమంది బహుమానమనుకొందురు. పనివాడు అదనముగా కష్టపడినాడు గనుక యజమాని సంతోషించి యిచ్చునది యనుకొందురు. అది పొరపాటు. ఈ రెట్టింపు మొట్టమొదట యజమానికి పెట్టిన కంచె. చేను చుట్టు ముండ్లకంచె వేయుట పశువునకు మేత పెట్టుటకు కాదు, లోపలికి రాకుండుటకు. అట్లే అదనపు గంటకు రెండు గంటల కూలి యియ్యవలసివచ్చినచో యజమాని, ఈ గంట నాకు నిజముగా కావలయునా, మఱియొకని పనిలో పెట్టుకొనుట మేలు కాదా యని యాలోచించును. అట్లు ఆలోచింపజేయుటయే చట్టముయొక్క యుద్దేశము. కంచె నున్నంతకాలము పనివాని సాయంకాలము అతనిది. నిరుద్యోగికి కొలువు దొరకు నాశయు నుండును. కంచె పడిపోయినచో రెండును పోవును.

ఆ కంచెను తీసివేయు ప్రయత్నము మన కన్నుల యెదుట జరిగినది. 2020 ఏప్రిలులో, కరోనా వ్యాధి ప్రబలిన కాలమున, గుజరాతు ప్రభుత్వ మొక ప్రకటన చేసి, ఫ్యాక్టరీలలో దినమునకు 12 గంటలు, వారమునకు 72 గంటలవఱకు పని చేయించుకొనవచ్చుననియు, హద్దు దాటిన గంటలకు రెట్టింపు గాక మామూలు రేటే చాలుననియు చెప్పినది. దానిపై అచ్చటి కార్మికసంఘము సుప్రీముకోర్టునకు పోగా, 2020 అక్టోబరు 1వ తేదీని జస్టిసు చంద్రచూడుగారి ధర్మాసనము ఆ ప్రకటనను కొట్టివేసి, చేసిన అదనపు పనికి చట్టప్రకారము రెట్టింపు చెల్లింపుమని యాజ్ఞాపించినది. ఆపత్కాల భారమంతయు కూలివాని భుజములపై మోపుట తగదనుట ఆ తీర్పు సారము.

మాటలకంటె లెక్క స్పష్టము. ఉదాహరణమునకు ఒకనికి నెలకు 10,400 రూపాయలు జీతమనుకొందము. నెలకు 26 పనిదినములు, దినమునకు 400, ఎనిమిది గంటలకు భాగించిన గంటకు 50. అతడు ప్రతిదినము రెండు గంటలు అదనముగా నిలిచినచో నెలకు 52 గంటలు. రెట్టింపు రేటున గంటకు 100 చొప్పున నెలకు 5,200 రూపాయలు రావలెను, ఏడాదికి 62,400. అనగా సరిగా ఆఱునెలల జీతము. మామూలు రేటున నిచ్చినచో మూడునెలల జీతము పోయినది. ఏమియు నియ్యనిచో ఏటికి ఆఱునెలల జీతము పోయినట్లు. ఎవడైన ఒక్కసారిగా ఆఱునెలల జీతము అపహరించినచో ఊరంతయు మూగును, పోలీసులు వత్తురు. దినమునకు రెండు గంటల చొప్పున కొంచెము కొంచెముగా తీసికొనినచో దానిని సర్దుబాటు అందురు! మన తాతల కాలపు మామూలు అను మాటయే వేషము మార్చుకొని సర్దుబాటుగా వచ్చినది.

ఈ గంటలు మాయమగు మార్గములు పెక్కులు. వానిలో నాలుగింటిని జెప్పెదను. మొదటిది పన్నెండు గంటల డ్యూటీ. పట్టణములలో మేడల ద్వారముల కడ కావలి యుండు మనవారిని చూడుడు. పగటివా డొకడు, రాత్రివా డొకడు. ఇరువదినాలుగు గంటల నిద్దరికి పంచిరి. ఎనిమిది గంటల చొప్పున ముగ్గురికి దొరకవలసిన పని యది. మూడవవాని జీతము ఎచ్చటికి పోయినదో విచారింపుడు. ఏజెన్సీ చీటీలో నెలజీతము కనబడును, గంటలు కనబడవు. గంటలు వ్రాయని జీతము కొలత లేని సంతవంటిది.

రెండవది గుంపు మేస్త్రీ పద్ధతి. పల్లెలో ముందుగా బయానా యిచ్చి, ఇన్ని నెలలు పనియని మాట తీసికొని, గుంపును తరలింతురు. పనిచోట వేకువన మొదలైన పని కాంక్రీటు పోత ముగియువఱకు సాగును. ఆ పోత నడుమ ఆగరాదు, నిజమే. ఆగరాని పనికి రెండవ జట్టును పెట్టవలె గాని, మొదటి జట్టు నడుము విరుచుట పరిష్కారము కాదు. అడిగినచో, బయానా తీరనిది లెక్క లేదందురు. అప్పు వేఱు, కూలి వేఱు. అప్పున్నదని గంటల లెక్క చెఱిపివేయుటయే కట్టుబానిసతనము. 1976లో చేసిన చట్టము దానిని రద్దు చేసినది. ఈ సభలో మేస్త్రీలు నున్నారు. వారు పరాయివారు కారు. మన యన్నదమ్ములే, బావమఱదులే. నాయనలారా! కంట్రాక్టరు గంటల లెక్క వ్రాయనిచో మీరైనను వ్రాయుడు. మీ చేతి చీటీయే రేపు మీవారికి సాక్ష్యమగును.

మూడవది పేరు మార్చుట. నెలకు 18,000 రూపాయలు దాటిన వేతనముతో పర్యవేక్షణ చేయువాడు క్రొత్త వృత్తిభద్రతా కోడు నిర్వచనములోని కార్మికుడు కాడు. కాబట్టి కొందఱు యజమానులు మూటలు మోయువానికి గూడ సూపరువైజరను బిరుదు తగిలించి గంటలు మింగుదురు. న్యాయస్థానములు చూచునది చేతిపనినే గాని బిరుదును గాదు. ఎవనిమీదను అధికారము లేనివానికి పర్యవేక్షకుడను పేరు వట్టి యలంకారము.

నాలుగవది మన యింటనే యున్నది. చీర నేసినందుకు కూలి యొక మనిషిదిగా లెక్కింతురు. కండెలు చుట్టినది భార్య. ఆసు పోసినది తల్లి. బడినుండి వచ్చి చేయి వేసినది బిడ్డ. వారి గంటలు ఏ కోడులోను లేవు, ఏ లెక్కలోను లేవు. గుత్తపనియనగా గంటలు లేని పని కాదు, గంటలు దాచిన పని. చీరకూలిని నిర్ణయించునప్పుడు ఆ యింటివారందఱి గంటలను గూడ లెక్కింపుమని నేతసహకార సంఘములు పట్టుబట్టినగాని ఈ యన్యాయము తీరదు.

ఇప్పుడు ప్రతిపక్షమువారి మాటలు విందము. పనివాడే ఓవరుటైము కావలెనని యడుగుచున్నాడు గదా యని కొందఱందురు. నిజము, అడుగుచున్నాడు. బిడ్డ ఫీజులు, ఇంటి యద్దె, అప్పు వడ్డీ ఎనిమిది గంటల కూలితో తీరవు గనుక నడుగుచున్నాడు. ఆకలిగొన్నవాడు అడిగిన దంతయు కోరిక గాదు. అదనపు గంటలవలన నిలుచు సంసారము రోగము రాగానే కూలును; రోగమునకు ఓవరుటైము లేదు. మఱియు నొక సంగతి. ఓవరుటైము సొమ్ము ప్రావిడెంటు ఫండు లెక్కలో చేరదు. ఈనాటి శరీరము అరుగుచున్నది గాని, వార్ధక్యమునకు దానివలన కాసైన నిలువ యుండదు. కాబట్టి మన మొదటి కోర్కె ఎక్కువ ఓవరుటైము కాదు. ఎనిమిది గంటలతో కుటుంబము బ్రదుకగల కూలి.

రెట్టింపిచ్చినచో పరిశ్రమలు పారిపోవునని మఱికొందఱందురు. సింగరేణి గనులను జూడుడు. అచ్చట సెలవుదినమున చేయు పనిని ప్లేడే యందురు. దానికి రెట్టింపు కూలి కలదు. గనులు పారిపోలేదు. సంఘములు బలముగా నున్నచోట గడియారము సరిగా నడచును. సంఘము లేనిచోట గడియారము యజమాని జేబులో నుండును. భేదము ఖర్చులో లేదు, బలములో నున్నది.

దేశముకొరకు ఎక్కువ పని చేయవలెనని మూడవపక్షము. 2023 అక్టోబరులో ఇన్ఫోసిసు సంస్థాపకులలో నొకరైన నారాయణమూర్తిగారు యువకులు వారమునకు 70 గంటలు పనిచేయవలెననిరి. 2025 జనవరిలో లార్సెన్ అండ్ టూబ్రో అధ్యక్షులు సుబ్రహ్మణ్యన్ గారు 90 గంటలన్న మాట బయటికి వచ్చినది. వారు పెద్దలు, వారి పరిశ్రమను నేను తక్కువ చేయను. కాని దినమునకు 12 గంటల చొప్పున ఏడుదినములు కావలి కాయు మనవాడు వారమునకు 84 గంటలు పనిచేయుచునే యున్నాడు. ఎక్కువ గంటలే సంపదకు మార్గమైనచో ఈపాటికి పాలమూరు కుబేరపురి కావలసినది! తన కంపెనీలో వాటా గలవాడు చేయు అదనపు గంట అతని యాస్తికి చేరును. కూలివాడు చేయు అదనపు గంట పరుల యాస్తికి చేరును. ఈ రెంటిని ఒక్క దేశభక్తి పేరున కలుపరాదు.

దేహమునకును హద్దు కలదు. ప్రపంచారోగ్యసంస్థయు అంతర్జాతీయ కార్మికసంస్థయు కలసి 2021లో ప్రకటించిన లెక్క ప్రకారము, అధికకాలపు పనివలన 2016లో పక్షవాతముతోను గుండెజబ్బుతోను మరణించినవారు 7,45,000 మంది. వారమునకు 55 గంటలు దాటి పనిచేయువారికి, 35 మొదలు 40 గంటలు చేయువారికంటె, పక్షవాతపు భయము 35 వంతులు నూటికి హెచ్చనియు తేలినది. దేశమనగా మట్టి మాత్రమే గాదు, మనుష్యులును గదా! ఆ మనుష్యులను త్వరగా వాడి పాఱవేయుట దేశసేవ యెట్లగును?

ఇక క్రొత్తగా వచ్చిన యుత్తరువులను జూతము. 2025 జూలై 5వ తేదీని తెలంగాణ ప్రభుత్వము దుకాణములు తప్ప తక్కిన వాణిజ్యసంస్థలలో దినమునకు 10 గంటలవఱకు పని చేయించుకొనుటకు అనుమతించినది. పది గంటలన్న మాట విని చాలమంది యజమానులు సంతోషించిరి. వెనుకటి షరతు చదివినవారు తక్కువ. వారమునకు 48 గంటలు దాటరాదనుట ఆ షరతు. నాలుగుదినములు పదేసి గంటలు చేసినచో నలువది. ఐదవనాడు ఎనిమిది గంటలతో వారపు పని ముగిసినది. ఆఱవనాడు చేసినదెల్ల అదనపు పనియే, దానికి అదనపు కూలి యియ్యవలసినదే. పది గంటల సంగతి గోడకు వ్రాసి, ఆఱవదినపు సంగతి మఱచు యజమానికి ఈ లెక్క వినయముగా వినిపింపుడు.

అదే యుత్తరువు మూడునెలలకు 144 గంటలవఱకు ఓవరుటైమును అనుమతించినది. మూడునెలలకు పదమూడు వారములు. వారమునకు సుమారు 11 గంటలు. 48కి 11 కలిపినచో 59. 1922లో పరాయి ప్రభుత్వము మనకు పెట్టిన 60 గంటలను జ్ఞప్తికి దెచ్చుకొనుడు. ఒక శతాబ్దము నడచి తిరిగి ఆ గుమ్మము ముందే నిలిచితిమి. నాటికిని నేటికిని భేదము ఒక్కటే: నేడు ఆ పదునొకండు గంటలకు రెట్టింపు అను కంచె యున్నది. ఆ రెట్టింపు చేతికి రానిచో భేదమే లేదు.

2025 నవంబరు 21వ తేదీనుండి నాలుగు లేబరు కోడులు దేశమంతట అమలునకు వచ్చినవి. 1948 నాటి ఫ్యాక్టరీ చట్టము, కనీసవేతన చట్టము వీనిలో కలసిపోయినవి. వీనిని గూర్చి కార్మికసంఘములకు పెక్కు ఫిర్యాదులు కలవు. ఆ చర్చ వేఱు. అదనపు పనిని గూర్చి మాత్రము కోడులలో నున్న హక్కులను మనము విడువరాదు. దినమునకు ఎనిమిది గంటలు హద్దు. దానిమీద పని చేయించుటకు పనివాని సమ్మతి కావలెను. కూలి రెట్టింపునకు తగ్గరాదు. వేతనపు చీటీ యిచ్చుట యజమాని విధి. ఇయ్యని కూలికొరకు దావా చేయుటకు వెనుకటి కనీసవేతన చట్టములో ఆఱునెలల గడువుండగా, ఇప్పుడు మూడేండ్లు. కూలి చెల్లించితినని ఋజువు చేయు భారము యజమానిపై నున్నది. ఎగవేసిన కూలితోపాటు పదిరెట్లవఱకు పరిహార మిప్పించుటకు అధికారికి అధికారము కలదు.

ఇంత యున్నను మన చేతిలో కాగితము లేనిచో ఏమి ప్రయోజనము? కూలి చెల్లించినట్లు ఋజువు చేయవలసినవాడు యజమానియే యైనను, పని చేసితినని మొదట చెప్పవలసినవాడు పనివాడే. అడుగనిదే అమ్మయైనను పెట్టదందురు. అడుగుటకు లెక్క కావలెను. కాబట్టి ఈ సభనుండి నేను కోరునది ఒక్క పని. ప్రతి పనివాడును, పనికత్తెయు ఒక చిన్న పుస్తకము పెట్టుకొనవలెను. తేదీ, పని మొదలైన వేళ, ముగిసిన వేళ, పనిచోటు, మేస్త్రీ పేరు, చేతికి వచ్చిన సొమ్ము. ఇంతే. చదువు రానివారికి బడికి పోవు బిడ్డ వ్రాసిపెట్టవచ్చును. నేడు అందఱి చేతులలో నున్న ఫోనులో తేదీతో నొక ఫొటో తీసికొనవచ్చును. పూనాలో నున్న పదిమంది ఒకే మేస్త్రీ క్రింద పనిచేసి పదిమందియు అవే గంటలు వ్రాసినచో, ఆ పది పుస్తకములు ఒక రిజిష్టరుతో సమానము.

ఈ యూరి వర్తకులకును ఒక మాట. పరదేశములోని కంట్రాక్టరును నిందించుట సులభము. మన దుకాణమున ఉదయము తలుపు తీసిన కుఱ్ఱవాడు రాత్రి దీపములు ఆర్పువఱకు నిలిచియుండగా, అతని గంటల నెవరు లెక్కించుచున్నారు? చిన్న దుకాణమైనను వేతన కోడునకు వెలుపల లేదు. ఒక్క మనిషిని పెట్టుకొన్నను అది వర్తించును. కోస్గి బిడ్డకు పూనాలో న్యాయము కోరుదుమేని, కోస్గిలో మొదట మనము న్యాయము చేయవలెను. ఇంటిలో కొలత తప్పినవాడు సంతలో కొలతను గూర్చి తగవులాడుట తగదు.

సోదరులారా! స్వరాజ్య మనగా జెండా మార్పు మాత్రమే యని మన పెద్దలు తలపలేదు. తన దినము తనదిగా నుండుటయే స్వరాజ్యమునకు మొదటి మెట్టు. ఎనిమిది గంటలు పనికి అమ్మితిమి. తక్కిన పదునాఱు గంటలు మనవి. అవి నిద్రకు, బిడ్డల ముద్దుమాటలకు, చదువునకు, పొలమునకు, సభకు, దేవునికి. వానిలో నొకటి యితరుడు కోరినచో మన యిష్టముపై నియ్యవలెను. ఇచ్చినచో రెట్టింపు వెలకు నియ్యవలెను. వెల లేక తీసికొనినవానిని, అతడు దొరయైనను, కంపెనీయైనను, మన బావమఱదియైనను, ఆ వెల యడుగుట మన విధి. తాతలు మామూలును త్రోసివేసినట్లే మనము సర్దుబాటును త్రోసివేయుదము. నేటి రాత్రినుండియే ఆ చిన్నపుస్తకమున మొదటి పంక్తి వ్రాయుడు.